మా కూలి మాటేమిటి?

2025లో ఉగాది వెళ్ళిన వారానికి ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. గ్రామస్థాయి కార్యకర్తల కోసం ఇంగ్లీషులో తయారైన శిక్షణ పుస్తకాన్ని తెలుగు చెయ్యాలి. అరవై పైచిలుకు పేజీలు, దాదాపు 18,000 మాటలు. "ట్రైనింగ్ డేట్లు ఫిక్సయిపోయాయి, పదిహేను రోజుల్లో ఇచ్చెయ్యాలక్కా" అంది ఆ అమ్మాయి. మాటకి రూపాయి చొప్పున ఒప్పుకున్నాను. ఆ పుస్తకం దేని గురించో తెలుసా? స్త్రీల శ్రమ గురించి. ఇంట్లో ఆడవాళ్ళు చేసే చాకిరీకి లెక్కా జమా లేకపోవడం గురించి. దాన్ని తెలుగు చేసినందుకు నాకు డబ్బు ముట్టింది దీపావళి దాటాక.

ఈ పత్రిక చదివేవాళ్ళలో సగం మంది ఏదో ఒక సంస్థలో పనిచేసేవాళ్ళే. అందుకే ఈ మాట ఇక్కడ చెప్పదలుచుకున్నాను. వేరే చోట చెబితే మన పరువు మనమే తీసుకున్నట్టవుతుందని కొందరు మిత్రులు అన్నారు. ఇక్కడ చెప్పినా వాళ్ళకి ఇష్టం ఉండదని నాకు తెలుసు.

నేను పదకొండేళ్ళుగా ఫ్రీలాన్స్ రచయితని. అంతకు ముందు ఒక దినపత్రిక డెస్కులో ఉండేదాన్ని. పాప పుట్టాక రాత్రి డ్యూటీలు చెయ్యలేక మానేశాను. అనువాదాలు, రిపోర్టులు, కరపత్రాలు, పోస్టర్ల మీద నినాదాలు, ఏది వస్తే అది రాస్తాను. 'ఫ్రీలాన్స్' అనే మాటలో జనానికి మొదటి సగమే అర్థమవుతుందని ఈ పదకొండేళ్ళలో తెలుసుకున్నాను. అపార్ట్‌మెంటులో అందరి కొరియర్లూ నా దగ్గరే. పక్కింటివాళ్ళ తాళాలు నా దగ్గర. గ్యాస్ బండ వస్తే దించుకునేది నేను. "నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా" అని వదిన తన పిల్లల సెలవులన్నీ నాకు అప్పజెప్పేది. నేను డబ్బు తెచ్చే పని చేస్తున్నానని మా ఇంట్లో నమ్మేది నెలాఖరున బ్యాంకు మెసేజ్ వస్తేనే. మెసేజ్ రాని నెలల్లో నాది కాలక్షేపం.

ఆ పుస్తకం సంగతికి వస్తాను. దాంట్లో 2019 టైమ్ యూజ్ సర్వే లెక్కలున్నాయి: ఇంటిపని చేసే స్త్రీ రోజుకు 299 నిమిషాలు, చేసే మగవాడు 97 నిమిషాలు. 2024 సర్వే లెక్కలు 2025 ఫిబ్రవరిలో వచ్చాయని నాకు గుర్తుంది. వెతికి సరిచేశాను: 289, 88. అయిదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గితే మగవాళ్ళకి తొమ్మిది తగ్గాయన్నమాట. ఈ వెతుకులాటకి నా బిల్లులో మాటా లేదు, రూపాయీ లేదు. మూలంలో ఒక మాట ఉంది, దాన్ని మన సెమినార్లలో 'వేతనరహిత సంరక్షణా శ్రమ' అంటున్నాం. మహబూబ్‌నగర్ పల్లెలో కార్యకర్త ఈ మాట చదివి మీటింగులో ఎవరికి చెబుతుంది? 'కూలి లేని చాకిరీ' అని రాశాను. ఆఫీసులో ఎవరో దాన్ని మళ్ళీ వేతనరహితం చేశారు. ఫోన్లో గంటసేపు వాదించి నా మాట నిలబెట్టుకున్నాను. ఇలాంటి వాదనలంటే నాకు ఇష్టమే, కాదనను. కానీ అదీ పనే.

పన్నెండు రోజుల్లో ఇచ్చేశాను. ఏప్రిల్‌లో ట్రైనింగ్ బ్రహ్మాండంగా జరిగిందని ఫోటోలు పంపారు. మే నెలలో అకౌంటెంటు సెలవు. జూన్‌లో ఆడిట్. జూన్ అంటే మీకు తెలియనిదేముంది, స్కూలు ఫీజు, పుస్తకాలు, బూట్లు. బిల్లు గురించి మెసేజ్ పెడితే చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. జూలైలో "ఫండర్ దగ్గర ఆగిందక్కా". ఆగస్టులో బిల్లు మళ్ళీ పంపమన్నారు, పాతది కనబడలేదట. సెప్టెంబరులో మా అమ్మకి కంటి ఆపరేషన్. ఆస్పత్రి వరండాలో కూచుని పద్దెనిమిది వేల కోసం బతిమాలుకున్నాను. బతిమాలుకున్నాననే రాస్తున్నాను. 'గుర్తు చేశాను' అని మర్యాదగా రాయొచ్చు గానీ, జరిగింది అది కాదు.

ఆ జూన్ నెలలోనే నేనూ ఒక తప్పు చేశాను. మా ఇంట్లో పనిచేసే ఆవిడకి ఒకటో తారీఖున ఇవ్వాల్సిన జీతం పన్నెండున ఇచ్చాను. నాకు రావలసింది రాలేదని వివరంగా చెప్పాను, ఆవిడ అర్థం చేసుకుంటుందని. అంతా విని, "మీకు రాలేదని నాకియ్యకపోతిరి. మరి నేనెవ్వరికి ఇయ్యకుండ ఉండాలె అక్కా?" అంది. చేతిలో చీపురు అలాగే ఉంది. నా దగ్గర జవాబు లేదు. సంస్థ ఆలస్యం నా మీదికి, నా ఆలస్యం ఆమె మీదికి జారింది. ఆమె ఇంటి ఓనరు అయిదో తారీఖు దాటితే ఊరుకోడు. పుస్తకంలో 'శ్రమ దోపిడి గొలుసు' అనే అధ్యాయాన్ని నేనే తెలుగు చేశాను కూడా.

సంస్థల కష్టాలు నాకు తెలియవని కాదు. 2020లో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణతో పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి పడిపోయింది. ఒక సంస్థకి వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకి ఇచ్చే దారీ మూసుకుపోయింది. జిల్లాల్లో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న చిన్న సంస్థలు నలిగిపోయాయి. అందులో మనవాళ్ళే జీతాల్లేక పనిచేస్తున్నారు. ఇదంతా నిజం. అయితే ఆ ట్రైనింగ్ పెట్టిన హోటలు హాలుకి అద్దె అడ్వాన్సుగా కట్టారు. ప్రింటింగ్ ప్రెస్సుకి సగం ముందే ఇచ్చారు, లేకపోతే వాళ్ళు పని మొదలుపెట్టరు గనక. డబ్బు లేనప్పుడు ఎవరి డబ్బు ఆపుతారన్నదే నా ప్రశ్న. అడగలేని వాళ్ళది ఆపుతారు. ఇంట్లో కూచుని రాసే ఆడమనిషిది ఆపుతారు. "మీరూ ఉద్యమంలో మనిషే కదా" అని పైనుంచి ఒక మాట. నేను ఉద్యమంలో మనిషినైతే, సంస్థ డైరెక్టరు ఎవరు?

పుస్తకం చేతికొచ్చాక చూశాను. ముఖచిత్రం వేసినవారి పేరుంది, ప్రెస్సు పేరుంది, నిధులిచ్చినవారి గుర్తు వెనక అట్ట మీద పెద్దదిగా ఉంది. అనువాదకురాలి పేరు లేదు. అడిగితే, "అది సంస్థ ప్రచురణ కదక్కా" అన్నారు. 1957 కాపీరైట్ చట్టం అలా చెప్పదు. ఉద్యోగిగా కాకుండా బయటనుంచి రాసిచ్చిన రచనకి మొదటి హక్కుదారు రాసిన మనిషే. అనువాదమూ రచనే. ఆ హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. బదిలీ చేశాక కూడా ఇది నా రచన అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ ప్రకారం నాకే ఉంటుంది. నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

డబ్బు విషయంలోనూ చట్టం ఉంది. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, మీలో రాసేవాళ్ళు, బొమ్మలు వేసేవాళ్ళు ఉంటే వినండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం కింద ఇంట్లో కూచుని సేవలందించే ఒంటరి మనిషి కూడా 'ఉద్యమ్' పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. పని ఒప్పుకోకముందే నమోదై ఉండడం మంచిది. పని తీసుకున్నవాళ్ళు 45 రోజులు దాటకుండా చెల్లించాలి, దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. ఫిర్యాదుకి రాష్ట్రంలో ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. ఈ చట్టం రాసినవాళ్ళ దృష్టిలో నట్లూ బోల్టులూ చేసే చిన్న ఫ్యాక్టరీలే ఉండి ఉంటాయి. ఉంటే ఉండనీ, మనకి పనికొస్తుంది.

ప్రసూతి సెలవుల మాటెత్తితే మాత్రం మాకు గోడే. 2017లో ఆ సెలవుని 26 వారాలకి పెంచినప్పుడు మనమంతా సంతోషించాం. ఎవరి దగ్గరా ఉద్యోగి కాని స్త్రీకి అందులో ఒక్క వారమూ లేదు. 2013 లైంగిక వేధింపుల చట్టం ఇంతకంటే నయం. ఉద్యోగి అయినా కాకపోయినా బాధితురాలు ఫిర్యాదు చెయ్యొచ్చు, పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది. మా వాళ్ళలో ఎందరికి తెలుసు?

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ పత్రిక నాకు డబ్బివ్వదు. ఇవ్వలేమని ముందే చెప్పారు, సరేనని రాస్తున్నాను, పేరు వేస్తారు. నేను ఇచ్చిందాన్ని విరాళమంటారు. నన్నడక్కుండా ఏడు నెలలు నా దగ్గర ఉంచేసుకున్నదాన్ని అప్పు అంటారు, వడ్డీ లేని అప్పు. పద్దెనిమిది వేలు నేను ఆ సంస్థకి అప్పిచ్చాను. స్త్రీల సాధికారత ప్రాజెక్టు నా అప్పుతో నడిచింది.

జనవరి నుంచి నేను మూడు షరతులు పెట్టాను. సగం ముందే ఇవ్వాలి. మిగతా సగం పని అందిన 45 రోజుల్లోపు ఇవ్వాలి. నా పేరు లోపలి పేజీలో వెయ్యాలి. రెండు సంస్థలు ఒప్పుకున్నాయి. ఒకటి ఆలోచించి చెబుతామంది, ఇంకా ఆలోచిస్తోంది. పాత సంస్థ నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది, రెండో భాగం తెలుగు చెయ్యాలట, అర్జంటట. షరతులు చెప్పాను. "మీరు మారిపోయారక్కా" అంది ఆ అమ్మాయి. ఆ అమ్మాయి జీతం కూడా రెండు నెలలుగా రాలేదని మాటల్లో తెలిసింది. ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను, ఇద్దరం కలిసి ఆ సంస్థ బోర్డుకి ఉత్తరం రాయబోతున్నాం.