చాంద్‌ని కమిటీకి అప్పజెప్పినవాళ్లం మనమే



లెస్టర్‌లో ఉండే మా ఆపా రెండు నెలల కింద ఫజర్ వేళకి ఫోన్ చేసింది. అక్కడ ఇంకా అర్ధరాత్రి. 19 ఏళ్ల కూతురి గది సర్దుతుంటే మంచం కింద కొవ్వొత్తులు, ఉప్పు పోసిన గిన్నె, చంద్రకళలు గీసుకున్న ఒక నోట్‌బుక్ దొరికాయట. "అరే భాయ్, పిల్ల షైతాన్ ఇబాదత్‌లో పడిందిరా" అని ఒకటే ఏడుపు. అడిగితే ఆ పిల్ల చెప్పిన పేరు విక్కా.

నేను ఏదో చెప్పేలోపే ఆపా ఇలాజ్ మొదలుపెట్టేసింది. ఒక ఆమిల్ సాబ్‌ని వీడియో కాల్‌లో పట్టుకుంది. ఆయన పిల్ల పేరూ తల్లి పేరూ అడిగి, హర్ఫులకి అంకెలు వేసి లెక్క కట్టి, ఏడు నిమ్మకాయలకి సూదులు గుచ్చమన్నాడు. దిండు కింద నల్లదారం పెట్టమన్నాడు. నజరానా 300 పౌండ్లు.

కొవ్వొత్తి వెలిగించిన పిల్లది షిర్కు, నిమ్మకాయకి సూదులు గుచ్చించిన సాబ్‌ది ఇలాజు! ఇదెక్కడి ఇన్సాఫ్?

ముందే సాఫ్‌గా చెప్పేస్తున్నా. విక్కా నా నజర్‌లో కూడా షిర్కే. ఒక దేవిని, కొమ్ములున్న ఒక దేవుణ్ణి కొలవడాన్ని ఇంకే పేరుతోనూ పిలవలేను. కానీ షైతాన్ ఇబాదత్ మాత్రం కాదు. వాళ్లు షైతాన్‌నే మానరు. ఇబ్లీస్ మన కితాబుల్లో, క్రైస్తవుల కితాబుల్లో ఉన్నాడు గానీ వాళ్ల లెక్కలో లేడు. జుమా బయాన్‌లో "షైతాన్ పూజారులు" అని అరిచే మౌలానా మొదటి వాక్యంలోనే ఆ పిల్లని పోగొట్టుకుంటాడు. ఈయనకి ఏమీ తెలియదని ఆమెకి అక్కడే తెలిసిపోతుంది.

తెలుసుకుని మాట్లాడితే మన దగ్గర దలీళ్లు తక్కువేం లేవు.

ఇది వేల ఏళ్ల పురాతన మజ్‌హబ్ అని ఆ పిల్లలు నమ్ముతారు. కాదు. దీన్ని లోకం ముందుకి తెచ్చినవాడు జెరాల్డ్ గార్డ్‌నర్. 1884లో పుట్టిన ఇంగ్లీషువాడు, మలయాలో కస్టమ్స్ ఆఫీసరు. 1936లో రిటైరై ఇంగ్లండ్ వచ్చాడు. 1939లో న్యూ ఫారెస్ట్ దగ్గర మంత్రగత్తెల పాత జమాత్ ఒకటి తనని చేర్చుకుందని చెప్పాడు. 1735 నాటి మంత్రవిద్య చట్టం 1951లో రద్దయింది. 1954లో ఆయన పుస్తకం వచ్చింది. దానికి ముందుమాట రాసింది మార్గరెట్ మర్రే. యూరప్‌లో పాత దేవుళ్ల మతం చాటుగా బతికే ఉందని 1921లో ఆవిడ రాసిన సిద్ధాంతాన్ని తర్వాతి చరిత్రకారులు కొట్టిపారేశారు. గార్డ్‌నర్ ఇచ్చిన తంతుల్లో అలిస్టర్ క్రౌలీ రాతలు కనబడితే డోరీన్ వాలియంటే అనే ఆవిడ వాటిని చాలావరకు తీసేసి తిరగరాసింది. సెప్టెంబర్ పండగకి "మేబన్" అనే పేరు 1970లలో ఒక అమెరికన్ పెట్టినది. మా అబ్బా నికాహ్‌నామా కంటే కొత్తది!

"90 లక్షల మంది ఆడవాళ్లని సజీవంగా కాల్చారు" అనే మాట కూడా ఆ నోట్‌బుక్‌లో ఉందట. చరిత్రకారుల అంచనా 40 నుంచి 60 వేలు. ఇంగ్లండ్‌లో అయితే వాళ్లని కాల్చలేదు, ఉరి తీశారు. 40 వేలు చిన్న జుల్మ్ కాదు. నిజమే చాలినప్పుడు అబద్ధం ఎందుకు?

ఇవన్నీ భాంజీకి ఫోన్‌లో చెప్పాను. గెలిచాననుకున్నా. "మామూ, ఇవన్నీ నాకు తెలుసు. రోనల్డ్ హటన్ పుస్తకం చదివాను. మావాళ్లు చాలామంది ఇప్పుడు ఒప్పుకుంటారు కూడా" అంది. నా నోరు పడిపోయింది.

మరెందుకు బేటీ అన్నాను. అక్కడ తంతు ఆడమనిషి నడిపిస్తుందట. తన చేతులతో తను చేసుకుంటుందట. చీకట్లో నిలబడి చంద్రుణ్ణి చూడమంటారట. "మస్జిద్‌లో నాకు మెట్ల కింద గది మామూ. స్పీకర్ పని చేయదు. ఇమామ్ సాబ్ ఏ రకాత్‌లో ఉన్నారో తెలియదు" అంది.

దీనికి ఏ దలీల్ ఉంది నా దగ్గర? అల్లాహ్ బాందీలని మస్జిద్‌లకి రాకుండా ఆపొద్దని రసూలుల్లాహ్ చెప్పిన హదీస్ ఉంది. అది ఆమె తరఫు దలీల్. మన ఊళ్లలో చాలాచోట్ల మెట్ల కింద గది కూడా లేదు, అది వేరే దర్ద్.

సంఖ్య చూసి హడలిపోకండి. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి పేగన్ అని రాసుకున్నవాళ్లు దాదాపు 74 వేలు, విక్కా అన్నవాళ్లు 13 వేలు. వాళ్లంతా చెడ్డవాళ్లని కూడా అనను. స్టార్‌హాక్ అనే అమెరికన్ రచయిత్రి అణుకేంద్రాలకి వ్యతిరేకంగా రోడ్డెక్కిన మనిషి. నన్ను బాధపెడుతున్నది ఇంకొకటి. చాంద్ కోసం మన పిల్ల బయటికి పోవడం!

చాంద్ మనది కాదా? నక్షత్రాన్ని, చంద్రుణ్ణి, సూర్యుణ్ణి వరసగా చూసి, అస్తమించేవాటిని ప్రేమించనన్న ఇబ్రాహీం అలైహిస్సలాం వారసులం. రసూలుల్లాహ్ చిన్నారి కొడుకు చనిపోయిన రోజు గ్రహణం పట్టింది. జనం ఆ మౌత్‌కే పట్టిందన్నారు. ఎవరి చావుకీ గ్రహణం పట్టదని, అవి అల్లాహ్ నిషానీలని ఆయన చెప్పి నమాజ్‌కి నిలబెట్టారు. కడుపుకోతలో ఉన్న తండ్రి మాట అది. ఇది ఆ పిల్లకి ఎవరు చెప్పారు? మనం చెప్పింది వాట్సాప్ మెసేజ్: "రేపు ఈద్, సౌదీలో కనబడింది." పక్క మస్జిద్‌వాళ్లు "కాదు ఎల్లుండి" అంటారు. ఇక గొడవ. పిల్లలెవరూ డాబా ఎక్కరు. చూసే పని కమిటీకి అప్పజెప్పేశాం.

వాళ్ల ఎనిమిది పండగల చక్రం ఇంగ్లండ్ చలికీ చిగుళ్లకీ కట్టింది. ఆస్ట్రేలియా పోతే తిప్పి రాసుకోవాలి. మన రంజాన్ ఏటా పదకొండు రోజులు జరుగుతూ దాదాపు 33 ఏళ్లలో అన్ని ఋతువులూ తిరిగి వస్తుంది. మే ఎండలో కర్నూలు రోజా ఎలా ఉంటుందో, డిసెంబర్‌లో ఎలా ఉంటుందో ఒకే జిందగీలో చూస్తాం. అది కూడా ఆమెకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఇది బాగుంది మామూ" అంది.

ఆపాకి మాత్రం గట్టిగానే చెప్పాను: నల్లదారం తీసి పారెయ్, నిమ్మకాయలు పారెయ్, నోట్‌బుక్ పిల్లకి తిరిగిచ్చి మాఫీ అడుగు. మూడోది చేయడానికి వారం పట్టింది.

పోయిన చాంద్ 29న మగ్రిబ్ తర్వాత తల్లీకూతుళ్లిద్దరూ దగ్గర్లోని పార్కుకి వెళ్లారట. మబ్బు పట్టి ఏమీ కనబడలేదు. ఫ్లాస్కులో చాయ్ తాగి, వణుక్కుంటూ ఇంటికొచ్చారట. నోట్‌బుక్ ఇంకా ఆ పిల్ల దగ్గరే ఉంది.