మన అక్షరాల తప్పులు మనమే చెప్పాలి

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను ఇబ్బంది పెట్టింది. ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక క్రమంలో కూర్చి మెసేజ్ పంపితే చాలు, అందుకున్నవారి యాప్ మూతపడేది. ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్‌తో యాపిల్ దాన్ని సరిచేసింది. అప్పటిదాకా మనం చేయగలిగింది ఎదురుచూడటమే. ఎందుకంటే అక్షరాలు కూర్చే యాపిల్ కోడ్ బయటివాళ్లకు కనబడదు.

ఓపెన్ సోర్స్‌లో ఆ అడ్డు లేదు. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్‌లలో మన వత్తులూ గుణింతాలూ కూర్చేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. దాన్ని ఎవరైనా చదవొచ్చు, తప్పు చూపొచ్చు, దిద్ది పంపొచ్చు. అక్కడ ఒక్క లోపం పోతే కోట్ల ఫోన్లలో పోతుంది.

ఈ వీలును మనకంటే బాగా వాడుకున్నది మలయాళీలు. కేరళలో 2002లో స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అనే బృందం మొదలైంది. పెద్ద కంపెనీ అండ లేదు, పనిచేసింది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు. ‘రచన’, ‘మీర’ ఫాంట్లను కాపాడుకుంటూ వచ్చారు, 2016లో ‘మంజరి’ తెచ్చారు, కీబోర్డులు, అనువాదాలు చేశారు. నాకు వీటన్నిటికంటే విలువైనదిగా తోచేది వాళ్ల అలవాటు. స్క్రీన్ మీద అక్షరం విరిగి కనిపిస్తే సణుక్కుని వదిలేయలేదు. ఎక్కడ, ఎలా విరిగిందో రాశారు, ప్యాచ్ (దిద్దిన కోడ్) పంపారు. ప్రభుత్వ బడుల్లో పిల్లలు లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకోవడం కూడా అక్కడ కలిసొచ్చింది.

మనవాళ్లు ఊరికే కూర్చోలేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు ఇచ్చారు. హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ 2005 నుంచీ పనిచేస్తోంది. కానీ రాయలసీమ దక్షిణాన, తిరుపతి, చిత్తూరు వైపు, ఆ ఊపు కనబడదు. నిజానికి ఇక్కడ ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఐఐటీ, శ్రీసిటీ ట్రిపుల్ ఐటీ, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం: కోడ్ తెలిసినవాళ్లూ భాష తెలిసినవాళ్లూ ఇంత దగ్గరగా ఉన్న చోట్లు తక్కువ.

ఇక్కడొక హెచ్చరిక. హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపినవాళ్లకు టీషర్ట్ ఇచ్చేవారు. 2020లో దాని కోసం ఎంతోమంది రీడ్‌మీ ఫైల్లో ఒక మాట మార్చి పంపారు. ప్రాజెక్టులు నడిపేవాళ్లు తట్టుకోలేక మొర పెట్టుకుంటే, నిర్వాహకులు ఒప్పుకున్న ప్రాజెక్టులకే కార్యక్రమం వర్తించేలా నెల మొదట్లోనే నియమం మార్చారు. రెజ్యూమే కోసం చేసే అలాంటి పని ఎవరికీ ఉపకారం కాదు.

కోడ్ రాకపోయినా మొదలుపెట్టొచ్చు. ‘స్వాతంత్ర్యం’, ‘లక్ష్మి’, ‘కార్త్స్న్యం’ లాంటి మాటలు లిబ్రేఆఫీస్‌లో కొట్టి, పీడీఎఫ్ చేసి, దాంట్లో వెతికి చూడండి. తప్పు కనిపిస్తే ముందు ఎవరైనా చెప్పారేమో చూడండి. చెప్పకపోతే వెర్షన్, ఫాంటు పేరు, మీరు చేసిన పని, రావలసింది, వచ్చింది రాసి, స్క్రీన్‌షాట్ జతచేయండి. ఒక రిపోర్టులో ఒకటే తప్పు ఉండాలి. ప్యాచ్ పంపితే సమీక్షలో వెనక్కి రావచ్చు, దిద్ది మళ్లీ పంపండి. తెలుగు చదవలేని ప్రోగ్రామర్‌కు ఇలాంటి లోపం ఎప్పటికీ కనిపించదు. తిరుపతి, చిత్తూరు విద్యార్థులారా, మీ మొదటి బగ్ రిపోర్టు తెలుగు గురించి రాయండి.