కొల్లేరు ఎవరిది?

సర్వే ల్యాబ్‌లో కాంటూరు గీతలు గీసి మార్కులు తెచ్చుకుంటాం కదా. అలాంటి గీతే ఒకటి కొల్లేరు చుట్టూ ఉంది. ఐదో కాంటూరు వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లు, 1999లో అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చేపల చెరువుల గట్లు తెంచేశారు. తర్వాత? చాలాచోట్ల చెరువులు మళ్లీ లేచాయి.

ఎందుకంటే సరస్సు బతుకు ఆ గీత లోపలే లేదు. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే నీళ్లలో ఉంది, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోయే దారిలో ఉంది. పైనున్న ఊళ్ల మురుగు, పొలాల మందులు చేరేదీ ఇక్కడికే. పక్షులు అటవీశాఖవి, కాలవలు ఇరిగేషన్‌వి, చేపలు మత్స్యశాఖవి, మురుగు మునిసిపాలిటీలది. మరి కొల్లేరు ఎవరిది?

2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు కూడా ఇందులో కలిసేదే. ఏరు శాఖల హద్దులు చూసుకుని పారదు.

అందుకే కొండల నుంచి కడలి దాకా అంతా ఒకే పటంగా చూడాలి. శాఖలన్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. లంక గ్రామాల వాళ్లకీ అక్కడ కుర్చీ వెయ్యాలి. బతుకుతెరువు చూపకుండా గట్టు తెంచితే, ఇవాళ కాకపోతే రేపు మళ్లీ పోసుకుంటారు.

ఇంతమందితో మాట్లాడితే ఆలస్యమవుతుంది అంటారు. అవుతుంది, నిజమే. మరి 2006 నాటి తొందర మిగిల్చిందేంటి?