మనిషికి ఓటా, ఎకరానికి ఓటా?

మా పెదనాన్న ఒంగోలు దగ్గర ఒక ఊళ్లో సంఘ పెద్ద. రిటైరైన టీచరు. మాది మాదిగపల్లె, నాలుగు తరాలుగా బాప్టిస్టు కుటుంబం. మొన్న సెలవులకు వెళ్లినప్పుడు ఆయన తన ఫోన్లో ఒక వీడియో చూపించాడు. డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అన్న పంపాడట. ఒక అమెరికన్ పాస్టరు ప్రసంగం, కింద తెలుగు అక్షరాలు. అమెరికా ప్రజాస్వామ్యం కాదు, రిపబ్లిక్ అంటాడు. నిర్గమకాండం 18వ అధ్యాయంలో సమర్థులైన మనుషులను ఏర్పరచుకోమని యిత్రో మోషేకు చెప్పాడు కాబట్టి ఎలక్టోరల్ కాలేజీకి మూలం బైబిలే అంటాడు. గుంపుకు అధికారం ఇస్తే అది బరబ్బను విడిచిపెట్టమంటుందని ముగిస్తాడు.

"నిజమే కదరా, గుంపు మాట వింటే ఎట్టా?" అన్నాడు పెదనాన్న.

ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. పీహెచ్‌డీ చేస్తున్నవాణ్ని, సొంత ఇంట్లో నోరు మెదపలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

ముందు లెక్క చూద్దాం. అమెరికా అధ్యక్షుణ్ని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. 538 మంది ఎలక్టర్లు ఎన్నుకుంటారు, 270 వస్తే గెలుపు. ప్రతి రాష్ట్రానికీ ప్రతినిధుల సభలో ఎన్ని సీట్లుంటే అన్ని ఓట్లు, వాటికి తోడు ఇద్దరు సెనేటర్ల లెక్కన మరో రెండు. జనాభా ఎంత తక్కువైనా ఆ రెండూ ఖాయం. అందుకే 2020 జనాభా లెక్కల ప్రకారం వయోమింగ్‌లో దాదాపు 1.92 లక్షల మందికి ఒక ఎలక్టరు ఉంటే, కాలిఫోర్నియాలో 7.3 లక్షల మందికి ఒకరు. ఒకచోట మనిషి విలువ మరోచోట మనిషికి దాదాపు నాలుగింతలు. 2000లో అల్ గోర్‌కు 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి, గద్దె ఎక్కింది బుష్. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఎక్కువ వచ్చాయి, గద్దె ఎక్కింది ట్రంప్. 2024లో ట్రంప్ ఓట్లలోనూ గెలిచాడు. కాబట్టి ఇది ట్రంప్ గురించిన గొడవ కాదు. ఓడినవాణ్ని గెలిపించగల పద్ధతిని దేవుడి పేరుతో కాపాడుతున్నవాళ్ల గురించిన గొడవ.

ఈ పద్ధతి ఎలా పుట్టింది? యిత్రో సలహా వల్ల కాదు. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాస్తున్నప్పుడు జేమ్స్ మాడిసన్ ఉన్న విషయం ఉన్నట్టే చెప్పాడు. ప్రజలే నేరుగా ఎన్నుకోవడం మంచి పద్ధతే గానీ, ఓటుహక్కు ఉత్తరాదిలో ఎక్కువ మందికి ఉంది, నల్లవాళ్ల లెక్క మీద దక్షిణాదికి ఆ ఎన్నికలో ఏ పలుకుబడీ దక్కదు అన్నాడు. బానిసకు ఓటు లేదు. కానీ రాష్ట్రానికి సీట్లు లెక్కగట్టేటప్పుడు ఐదుగురు బానిసలను ముగ్గురు మనుషులుగా కలుపుకున్నారు. ఎలక్టోరల్ కాలేజీ ఆ సీట్ల మీదే నిలబడింది. మొదటి 36 ఏళ్లలో 32 ఏళ్లు వర్జీనియాకు చెందిన బానిస యజమానులే అధ్యక్షులు.

బానిసత్వం పోయాక ఇంకా దారుణం జరిగింది. నల్లమనిషిని పూర్తి మనిషిగా లెక్కించారు, దాంతో దక్షిణాది రాష్ట్రాలకు సీట్లు, ఎలక్టర్లు పెరిగారు. ఆ తర్వాత పన్నులతో, పరీక్షలతో, కొరడాలతో, ఉరితాళ్లతో అదే నల్లమనిషిని పోలింగ్ కేంద్రానికి రాకుండా ఆపారు. 1965లో ఓటింగ్ హక్కుల చట్టం వచ్చేదాకా చాలాచోట్ల ఇదే కథ. అతని తల లెక్కకు కావాలి, అతని ఓటు వద్దు. ఊరి పనులన్నిటికీ మన చెయ్యి కావాలి, బావి దగ్గర మాత్రం మన నీడ కూడా పడకూడదు. ఈ లెక్క మనకు తెలియనిదా?

1969లో ఈ పద్ధతిని రద్దు చేసే రాజ్యాంగ సవరణను ప్రతినిధుల సభ 338-70 తేడాతో ఆమోదించింది. 1970లో సెనేట్‌లో దాన్ని ఓటింగ్‌కే రానివ్వకుండా అడ్డుకున్నది ఎవరు? స్ట్రామ్ థర్మండ్, జేమ్స్ ఈస్ట్‌లాండ్, శామ్ ఎర్విన్. నల్లవాళ్ల పౌరహక్కుల చట్టాలకు ఎదురు నిలిచిన దక్షిణాది పెద్దలే. నేటికీ మిసిసిపీ జనాభాలో మూడో వంతుకు పైగా నల్లవాళ్లు. గెలిచినవాడికే రాష్ట్రంలోని ఎలక్టర్లందరూ అనే నియమం వల్ల 1980 నుంచి ఏ ఎన్నికలోనూ వాళ్లలో అత్యధికులు వేసిన ఓటు ఒక్క ఎలక్టరును కూడా ఇవ్వలేదు.

ఇప్పుడు మత సంప్రదాయవాదుల దగ్గరికి వద్దాం. హెరిటేజ్ ఫౌండేషన్ వ్యవస్థాపకుల్లో ఒకడైన పాల్ వేరిక్ 1980లో అదే డల్లాస్‌లో పాస్టర్ల సభలో దాపరికం లేకుండా చెప్పాడు: అందరూ ఓటెయ్యడం తనకు ఇష్టం లేదని, ఓటేసేవాళ్లు తగ్గేకొద్దీ తమ బలం పెరుగుతుందని. ఫిలిస్ ష్లాఫ్లీ జాతీయ ఓట్ల లెక్కన అధ్యక్షుణ్ని ఎన్నుకోవాలనే ప్రయత్నాన్ని చివరిదాకా వ్యతిరేకించింది. అమెరికాను క్రైస్తవ దేశంగా స్థాపించారని ప్రచారం చేసే డేవిడ్ బార్టన్ ఎలక్టోరల్ కాలేజీని సమర్థిస్తూ రాశాడు. 2020 అక్టోబరులో సెనేటర్ మైక్ లీ మనది ప్రజాస్వామ్యం కాదని బాహాటంగానే ప్రకటించాడు. వేరిక్ చెప్పింది అసలు కారణం. మిగతావాళ్లు దానికి వాక్యాలు వెతికారు.

వాళ్ల వాదనలో బలమైన ముక్క ఒకటి ఉంది, దాన్ని దాటవేయను. మెజారిటీ నిరంకుశత్వం నుంచి మైనారిటీకి రక్షణ కావాలి అంటారు. అంబేడ్కరిస్టులం మనమూ అదే అంటాం కదా? అంటాం. కానీ బాబాసాహెబ్ ఒక తేడా చూపించాడు. రాజకీయ మెజారిటీ మారుతుంది, ఎవరైనా అందులో చేరవచ్చు, బయటికి రావచ్చు. మత, కుల మెజారిటీ పుట్టుకతో వస్తుంది, మారదు. రక్షణ కావలసింది ఆ మారని మెజారిటీ కింద నలిగేవాళ్లకు. ఎలక్టోరల్ కాలేజీ ఎవరిని కాపాడుతోంది? మిసిసిపీ నల్లవాళ్లనా, వాళ్లను దశాబ్దాలపాటు ఓటుకు దూరంగా ఉంచినవాళ్లనా? బలహీనుడి గొంతు వినిపించడం రక్షణ. బలవంతుడి చేతికి ఇంకో కర్ర ఇవ్వడం రక్షణ కాదు.

ఎలక్టోరల్ కాలేజీ అనే మాట మన చరిత్రలోనూ ఉంది. 1932 పూనా ఒప్పందంలో అణగారిన వర్గాల ఓటర్లంతా ఎలక్టోరల్ కాలేజీగా ఏర్పడి నలుగురిని ఎంచుతారని రాశారు. ఆ నలుగురిలో ఒకరిని చివరికి ఎన్నుకునేది ఉమ్మడి ఓటర్లు, అంటే ఎక్కువగా సవర్ణులు. మన జనం మొదటి స్థానంలో నిలిపినవాడు ఓడి, నాలుగో స్థానంలోవాడు గెలిచే వీలుంది. ప్రజలకూ ఫలితానికీ మధ్య ఒక మెట్టు పెడితే దాని మీద ఎవరు కూర్చుంటారో బాబాసాహెబ్‌కు అనుభవంతో తెలుసు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఒక మనిషి, ఒక ఓటు, ఒక విలువ అనే సూత్రం ప్రస్తావించినప్పుడు మూడో మాటను కూడా ఊరికే చేర్చలేదు.

మన రాష్ట్రపతి ఎన్నికకూ ఎలక్టోరల్ కాలేజీ ఉంది. కానీ 55వ అధికరణ ప్రకారం ఎమ్మెల్యే ఓటు విలువను జనాభాను బట్టి కడతారు: ఉత్తరప్రదేశ్‌లో 208, ఆంధ్రప్రదేశ్‌లో 159, తెలంగాణలో 132, సిక్కింలో 7. లెక్క 1971 జనాభాది, దాని లోపం దానికుంది. అయినా అక్కడ తూచేది మనుషులను.

ఇక పెదనాన్నకు బైబిల్లోంచే చెబుతాను. యిత్రో సలహా న్యాయం తీర్చే భారాన్ని పంచుకోవడం గురించి. ఒక గోత్రంవాడి మాట ఇంకో గోత్రంవాడి మాటకు నాలుగింతలని అక్కడ లేదు. బరబ్బ కావాలని గుంపు అరిచింది నిజమే. మత్తయి 27వ అధ్యాయం మళ్లీ చదువు పెదనాన్నా, ఆ గుంపును ఎగదోసింది ప్రధాన యాజకులూ పెద్దలూ. తీర్పు చెప్పే అధికారం ఉన్నది ఎవరూ ఎన్నుకోని పిలాతుకు. అదే మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని ఆఖరి గంటకు వచ్చిన కూలీకి కూడా అదే దేనారం ఇచ్చాడు.

ఇంకొక్క మాట. 1845లో అమెరికా బాప్టిస్టులు రెండుగా చీలారు. బానిస యజమాని మిషనరీ కావచ్చా అన్నదే గొడవ. కావచ్చన్నవాళ్లు సదరన్ బాప్టిస్టులయ్యారు, 1995లో గానీ దానికి క్షమాపణ చెప్పలేదు. 1878లో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగిన జాన్ క్లౌ మిషన్ ఉత్తరాది బాప్టిస్టులది. మన ముత్తాతలు ఆ నీళ్లలో దిగింది ఊళ్లో తమకు లేని మనిషి విలువ కోసం. ఇప్పుడు ఆ విలువను ఎకరాలతో తూచేవాళ్ల వీడియోలు మన ఇళ్లలోకి వాక్యంగా వస్తున్నాయి.

మా అన్న ఇంకా గ్రీన్‌కార్డు లైన్లోనే ఉన్నాడు. టెక్సాస్ ఎలక్టర్ల లెక్కలో అతని తల ఉంటుంది, ఓటు మాత్రం లేదు. ఆ వీడియో ఇంకొకరికి పంపేముందు ఆ ఒక్క సంగతి ఆలోచించమని పెదనాన్న చేతే ఫోన్ చేయిస్తాను.

జై భీమ్.