ఒకే బల్ల : ఊరి హోటలు నేర్పు పాఠము

హోటలు భోజనమును గురించి కళాశాల వార్షిక సంచికలో వ్రాయవలసిన పని ఏమున్నదని కొందరు పెద్దలు అనుకొనవచ్చును. సాహిత్యము, విజ్ఞానము, దేశభక్తి మొదలైన ఉదాత్త విషయములుండగా ఇడ్లీ, పరోటా, బిర్యానీల ప్రసక్తి ఎందుకని ప్రశ్నింపవచ్చును. కాని ఒక సమాజము ఎవరితో కలసి కూర్చుండి తినుటకు ఇష్టపడునో, ఎవరిని దూరముగా నిలుపునో తెలిసినచో ఆ సమాజపు మనస్సు తెలిసినట్లే. సభావేదికపై అందరమూ సమానులమే. ఆ మాట నిజమో కాదో తేలేది అన్నము ముందర. అందుచేతనే ఈ విషయమును పాఠకుల ముందు ఉంచుటకు సాహసించుచున్నాము.

మన జగ్గయ్యపేట, నందిగామలు బాటసారుల ఊళ్ళు. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారి ఈ మెట్టప్రాంతము గుండా సాగుచున్నది. కృష్ణాజిల్లాగా మనమెరిగిన ఈ సీమ 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. 2014 జూన్ 2 నుండి గరికపాడు వద్ద రాష్ట్రసరిహద్దు ఏర్పడినది. పాలకుల గీతలు ఎట్లు మారినను ఆకలి మారలేదు. పత్తి, మిరప అమ్ముకొన వచ్చిన రైతు, సిమెంటు కర్మాగారపు కార్మికుడు, లారీ డ్రైవరు, ఆసుపత్రికి వచ్చిన పల్లెటూరి ముదుసలి, పరీక్ష వ్రాయ వచ్చిన విద్యార్థి, వీరందరూ మధ్యాహ్నము పన్నెండు దాటగానే చేరేది ఒక్క చోటికే. గల్లాపెట్టె వద్ద టోకెను తీసుకొని ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుండుటయే అక్కడి ఆచారము. ప్రక్కనున్నవాని కులమేమి, మతమేమి అని ఎవరూ అడుగరు. సాంబారు గిన్నె ఇటు జరుపుమని మాత్రమే అడుగుదురు.

ఈ దృశ్యము మనకు ఎంత సహజముగా తోచుచున్నదో, మన తాతల తరమునకు అంత వింతగా తోచియుండును. స్వాతంత్ర్యమునకు పూర్వము రైల్వేస్టేషనులలో హిందువులకు వేరు నీరు, ముస్లిములకు వేరు నీరు ఉండెడివి. హోటళ్ళ బోర్డులపై కులము పేరు వ్రాసికొనుట గౌరవముగా భావించిన కాలమది. బోర్డు మీది ‘బ్రాహ్మణ’ అను మాటను తొలగింపవలెనని మద్రాసులో పెరియార్ రామస్వామి అనుచరులు ఆందోళన సాగించినది 1957లో. అనగా రాజ్యాంగము అమలులోనికి వచ్చిన ఏడేండ్లకు.

కలసి భుజించుట మన నేలకు క్రొత్త ఆదర్శము కాదు. కృష్ణానదికి ఆవలి ఒడ్డునగల పల్నాటిలో బ్రహ్మనాయుడు సకల కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి ‘చాపకూడు’ పెట్టెనని వీరగాథలు చెప్పుచున్నవి. ముస్లిముల ఇండ్లలో దస్తర్ఖాను పరచినచో దాని చుట్టూ కూర్చున్నవారిలో హెచ్చుతగ్గులు ఉండరాదనునది మర్యాద. 1917లో కేరళలోని చెరాయి గ్రామమున సహోదరన్ అయ్యప్పన్ మిశ్రభోజనము ఏర్పాటుచేసి తన వారి ఆగ్రహమునకు గురియయ్యెను. ఇవన్నియు గొప్ప విషయములే. అయితే వీటిలో పాల్గొనుటకు ఒక పిలుపు కావలెను. ఒక మహనీయుడో, ఒక ధర్మమో, ఒక ఉద్యమమో ముందుండవలెను. పిలుపు లేకుండ, ఎవరి దయ లేకుండ, చేతిలోని పైకముతో ఏ మనిషియైనను వచ్చి కూర్చుండగలుగుట వేరు. అది ఆతిథ్యము కాదు, హక్కు.

ఆ హక్కు హోటలు యజమానుల సౌజన్యముచేత లభించినది కాదు. భారత రాజ్యాంగపు 15వ అధికరణములోని రెండవ ఖండము దుకాణములను, హోటళ్ళను, భోజనశాలలను పేరుపెట్టి చెప్పి, మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము కారణముగా అక్కడ ఎవరినీ అడ్డగింపరాదని శాసించినది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరముల చట్టము, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టముగా పేరు మారినది, హోటలులోని పాత్రలను వాడుకొననీయకపోవుటను సైతము నేరముగా పరిగణించినది. గ్లాసు గురించి కూడ చట్టము చేయవలసి వచ్చినదన్న సంగతి మనము ఆలోచింపదగినది. అయినను టీకొట్టు చూరు క్రింద వేరుగా బోర్లించిన రెండవ గ్లాసు తెలుగు పల్లెలలో దశాబ్దములపాటు నిలిచియే ఉన్నది. కొన్నిచోట్ల అది కాగితపు కప్పుగా రూపము మార్చుకొన్నది. అందరికీ కాగితపు కప్పే ఇచ్చినచో అది శుభ్రత. ఒకరికి గాజుగ్లాసు, ఒకరికి కాగితపు కప్పు ఇచ్చినచో అది పాత జబ్బే.

ఈ పోరాటములో విద్యార్థులు నిర్వహించిన పాత్రకు ప్రపంచ చరిత్రలో ఒక ఉజ్జ్వలమైన ఉదాహరణ ఉన్నది. 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరో పట్టణములో నలుగురు నల్లజాతి కళాశాల విద్యార్థులు ఊల్‌వర్త్ దుకాణమునకు పోయి, కొన్ని వస్తువులు కొని, పిదప అక్కడి భోజనపు బల్ల వద్ద కూర్చుండి కాఫీ అడిగిరి. వస్తువులు అమ్మిన దుకాణమే కాఫీ ఇయ్యలేదు. వారు కేకలు వేయలేదు, రాళ్ళు రువ్వలేదు. దుకాణము మూయువరకు కదలక కూర్చుండిరి. మరునాడు మరికొందరు, ఆ మరునాడు ఇంకెందరో వచ్చిరి. జూలై 25న ఆ బల్ల అందరికీ తెరువబడెను. 1964లో అమెరికా పౌరహక్కుల చట్టము దేశమంతటను భోజనశాలలలో వివక్షను నిషేధించెను. ఒక కప్పు కాఫీ అల్పవిషయమని ఆ నలుగురు అనుకొనియుండినచో ఏమయ్యెడిదో ఊహింపుడు.

ఇంకొక విషయము కూడ అమెరికా చరిత్ర నుండి నేర్చుకొనదగినది. పందొమ్మిదవ శతాబ్ది చివర, ఇరువదవ శతాబ్ది ఆరంభములలో లక్షలాది ఇటలీ దేశపు పేదలు అక్కడికి వలసపోయిరి. వారి వెల్లుల్లి వాసనను ఇరుగుపొరుగువారు ఈసడించిరి. కాలక్రమమున ఆ ఇరుగుపొరుగే వారి వాడలలోని చిన్న భోజనశాలలకు అలవాటుపడిరి. నేడు ఇటలీ వంటకము తినని అమెరికా పట్టణము లేదు. మన చిన్న పట్టణముల కుర్రకారుకు సైతము పిజ్జా అనినచో ఎరుకయే. తమాషా ఏమనగా, పిజ్జాపై పూయు టమాటా ఇటలీలో పుట్టినది కాదు. మన ఆవకాయలోని మిరప ఆంధ్రదేశములో పుట్టినది కాదు. 1492 తరువాత రెండును అమెరికా ఖండము నుండియే వచ్చినవి. ఏ జాతి వంటయు ఆ జాతి సొంతము మాత్రమే కాదని ఇంతకన్న రుచికరముగా చెప్పు పాఠము మరొకటి లేదు. హైదరాబాదులోని ఇరానీ హోటలు చాయ్‌కి, తెలుగు పట్టణములలోని ఉడిపి హోటలు దోసెకు ఇదే చరిత్ర.

అయితే రుచి ఒక్కటే మనుష్యులను కలుపునని మేము నమ్ముట లేదు. బిర్యానీని మెచ్చుకొని, దానిని వండిన చేతికి ఇల్లు అద్దెకిచ్చుటకు సందేహించువారు లేకపోలేదు. వంటకమును ప్రేమించి వంటవానిని దూరముంచుట అరసగము మర్యాద. 2024లో ఉత్తరభారతమున కావడి యాత్ర దారిలోని భోజనశాలల యజమానులు తమ పేర్లను బోర్డులపై వ్రాయవలెనని అధికారులు ఆదేశించినప్పుడు, జూలై 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశములను నిలిపివేయుచు, ఎట్టి ఆహారము వడ్డింతురో తెలుపవచ్చునే గాని యజమానుల పేర్లు ప్రదర్శింపుమని నిర్బంధింపరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినది. ఈ భేదము మనకు స్పష్టముగా తెలియవలెను. ఇది శాకాహారమా, ఇది హలాలా అని అడుగుట తినువాని హక్కు; దానిలో అవమానము లేదు. నీవు ఎవరవని అడుగుట వేరు.

హోటలు బల్ల వద్ద ఇంకను తీర్చవలసిన బాకీలు రెండున్నవి. మొదటిది స్త్రీలకు సంబంధించినది. తెర వెనుకనున్న ‘ఫ్యామిలీ రూము’ ఒకప్పుడు వారికి రక్షణగా ఏర్పడినదే. కాని తల్లిదండ్రులు గాని, అన్నదమ్ములు గాని తోడు లేని కళాశాల విద్యార్థిని ఒంటరిగా వచ్చి ఒక దోసె తిని పోవుటకు మన ఊళ్ళలో నేటికిని జంకుచున్నది. చుట్టూ ఉన్న చూపులే ఆమెకు తలుపు మూయుచున్నవి. పల్లె నుండి ఉదయము ఏడు గంటల బస్సుకు వచ్చి సాయంత్రము వరకు ఆకలితో కూర్చుండు చెల్లెళ్ళను గురించి మనము ఆలోచింపవలెను.

రెండవ బాకీ బల్ల తుడుచు బాలునిది. మనము సమానత్వముతో కూర్చున్న ఆ బల్లను తడిగుడ్డతో తుడుచుచున్న చేయి ఎవరిది? 1986 నాటి బాలకార్మిక చట్టము క్రింద 2006 అక్టోబరు 10 నుండి హోటళ్ళలోను, దాబాలలోను 14 ఏండ్ల లోపు పిల్లలను పనికి పెట్టుట నిషేధింపబడినది. 2016లో ఆ నిషేధము కుటుంబ వృత్తిలో బడి వేళల తరువాత చేయు సహాయము వంటి కొలది మినహాయింపులతో అన్ని పనులకు విస్తరింపబడినది. చట్టమున్నది గాని ‘చోటూ’ అను పిలుపు వినబడుచునే ఉన్నది. పేదరికముచేత వచ్చినాడు, పొమ్మనినచో పస్తులుండునని వాదించువారున్నారు. ఆ వాదమును మేము తేలికగా త్రోసివేయము. కాని ఆ కుటుంబములోని పెద్దకు పని చూపి పిల్లవానిని బడికి పంపుట దయ. పిల్లవాని పనికి తక్కువ కూలి ఇచ్చి దానికి దయ అని పేరు పెట్టుట వ్యాపారము.

ఇంటిభోజనమును విడిచి హోటళ్ళ వెంట తిరుగుట దుబారా అని, అనారోగ్యమని పెద్దలు చెప్పు హితవును మేము కాదనుట లేదు. పలుమార్లు కాచిన నూనెలో వేగిన తినుబండారము ఎవరికిని మేలు చేయదు. కాని ఊరు విడిచి వచ్చి చదువుకొనువారికి, కూలి కొరకు వచ్చినవారికి హోటలు విలాసము కాదు, అవసరము. అవసరమైనచోట గౌరవము కూడ ఉండవలెను.

కావున కళాశాల కమిటీ పెద్దలకు సవినయముగా కొన్ని సూచనలు చేయుచున్నాము. కళాశాలలో నడుపు క్యాంటీనులో అందరికీ ఒకేవిధమైన గ్లాసులు, ఒకే వరుస బల్లలు ఉండవలెను. ఏ వంటకము ఎట్టిదో స్పష్టముగా వ్రాసి ఉంచవలెను; శాకాహారికి గాని, హలాలు పాటించువానికి గాని సంశయము కలుగరాదు. విద్యార్థినులు నిర్భయముగా కూర్చుండు వాతావరణమును అధ్యాపకులు కల్పింపవలెను. వార్షికోత్సవ విందుకు కంట్రాక్టు ఇచ్చునప్పుడు 14 ఏండ్ల లోపు పిల్లలను వడ్డనకు గాని, పాత్రలు కడుగుటకు గాని తీసికొనిరారాదని కాగితముపై వ్రాయించుకొనవలెను. వీటికి పెద్ద ఖర్చు లేదు.

విద్యార్థి సోదర సోదరీమణులకు మా మనవి ఇంకను చిన్నది. వేరు గ్లాసు కనబడినచోట ఆ టీ త్రాగవద్దు. ఎందుకు త్రాగుటలేదో యజమానికి మెల్లగా చెప్పుడు. ఒంటరిగా కూర్చున్న సహాధ్యాయిని వైపు తేరిపార చూడవద్దు. బల్ల తుడుచు బాలుడు కనబడినచో వాని పేరు, వాని బడి పేరు అడుగుడు; బడి లేదనినచో 1098 అను బాలల సహాయ నెంబరు జ్ఞాపకము పెట్టుకొనుడు. గ్రీన్స్‌బరో విద్యార్థులు చేసినది ఇంతకన్న పెద్ద పని కాదు. వారు కూర్చుండిరి, అంతే. మనము ఏ బల్ల వద్ద కూర్చుండుచున్నామో, అక్కడ ఎవరికి చోటు లేదో ఒకసారి చూచి కూర్చుండుట నేర్చుకొందము.