పుట్టినూరు అడగాలా?

గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ళ తరబడి పడిగాపులు పడే తెలుగాయన ఎన్నటికీ అమెరికా అధ్యక్షుడు కాలేడు. అక్కడే పుట్టిన ఆయన కూతురు మాత్రం 35 ఏళ్ళు నిండితే కావచ్చు. పుట్టుకతోనే పౌరుడై ఉండాలని అక్కడి రాజ్యాంగం షరతు మరి.

అరుణా మిల్లర్ గారినే తీసుకోండి. 1964లో హైదరాబాదులో పుట్టారు. ఏడేళ్ళప్పుడు అమెరికా వెళ్ళారు. 2000లో పౌరసత్వం తీసుకున్నారు. 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరయ్యారు. జనం ఎంత మెచ్చినా అధ్యక్ష పదవి ఆవిడకి అందదు. 12వ సవరణ పుణ్యమా అని ఉపాధ్యక్ష పదవి కూడా అంతే.

ఈ విషయంలో మన రాజ్యాంగమే నయం. 58వ అధికరణం ప్రకారం రాష్ట్రపతికి భారత పౌరసత్వం, 35 ఏళ్ళ వయసు, లోక్‌సభకి పోటీ చేసే అర్హత ఉండాలి. ఎక్కడ పుట్టావని అడగదు. ప్రధానికీ పుట్టుక షరతు లేదు. 2004లో సోనియా గాంధీ మీద ఎంత గోల జరిగినా, చట్టం మాత్రం ఆవిడకి అడ్డు చెప్పలేదు.

మా గోవాడలో సర్పంచ్‌గా నిలబడాలన్నా అంతే కదా! 21 ఏళ్ళు నిండాలి, ఊరి ఓటర్ల జాబితాలో పేరుండాలి. కోడలిగా వచ్చినావిడ నామినేషన్ వేస్తే నీ పుట్టినూరు ఏదని ఎవరూ అడ్డుపడరు.

"ఊరు వేరు, దేశం వేరు. సైన్యం చేతిలో ఉంటుంది, విధేయత సంగతేంటి?" అంటారు కొందరు. న్యాయమైన ప్రశ్నే. కానీ పుట్టుక దానికి జవాబు కాదు. వేములవాడ చూడండి. చెన్నమనేని రమేష్ తెలంగాణ రాజకీయ కుటుంబం మనిషే, 2009 నుంచి నాలుగుసార్లు గెలిచారు. 2024 డిసెంబరులో హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి, ఖర్చుల కింద 30 లక్షలు కట్టమంది. అప్పటికి ఆయన పదవీకాలాలన్నీ అయిపోయాయి!

అసలు లోపం అక్కడుంది. ఫారం సబ్మిట్ చేసేటప్పుడే చెక్ చేయాల్సింది పదిహేనేళ్ళ తర్వాత చేస్తే ఏం లాభం? నామినేషన్ వేసిన రోజే పౌరసత్వం పక్కాగా సరిచూడాలి. విధేయత మీద అంత అనుమానమైతే, వలస వచ్చినవాళ్ళు పౌరులయ్యాక ఇన్నేళ్ళు ఇక్కడ ఉండి తీరాలని నియమం పెట్టొచ్చు. అదైనా మనిషి నెరవేర్చగలిగే షరతు. పుట్టిన చోటు ఎవరి చేతిలో ఉంది?

నచ్చనివాళ్ళకి ఓటు వేయకండి, అది మీ హక్కు. కానీ అరుణా మిల్లర్‌కి అన్యాయమని బాధపడి, అదే నోటితో సోనియాని విదేశీయురాలని కొట్టిపారేయడం మాత్రం నాకు మింగుడుపడదు. మీరేమంటారు?