రేవాతీరాన ఇద్దరు

డెబ్బై అయిదవ ఏట అడుగుపెట్టిన మనిషి మనుమలతో ప్రొద్దుపుచ్చుతాడనీ, మహా అయితే సాయంకాలం వీధి చివరిదాకా నడిచి వస్తాడనీ లోకం అనుకొంటుంది. జబల్పూరు నివాసి అమృత్‌లాల్ వేగడ్ 2002లో ఆ వయస్సున నర్మదానది చుట్టూ రెండవసారి కాలినడకన బయలుదేరారు. ఈసారి ఆయన ప్రక్కన నడిచినది భార్య కాంత.

వేగడ్ చిత్రకారుడు. 1928లో జన్మించి, శాంతినికేతనంలో నందలాల్ బోస్ వద్ద చిత్రకళ అభ్యసించి, జబల్పూరులో ఆ విద్యనే బోధించారు. రంగు కాగితాలను అతికించి బొమ్మలు కూర్చేవారు. 1977లో, ఏభయ్యవ పడికి చేరువలో, జబల్పూరు నుండి మండ్లా వరకు నది వెంట నడవటంతో ఆయన తొలి పరిక్రమ మొదలైంది. ఆ యాత్రలను గురించి హిందీలోను, గుజరాతీలోను తామే రచించారు. గుజరాతీ గ్రంథానికి 2004లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

పరిక్రమ అంటే ఏమిటో తెలిస్తే గాని ఆ దంపతుల నిర్ణయం ఎంత బరువైనదో బోధపడదు. అమరకంటకంలో పుట్టి, భరూచ్ దాటి, ఖంభాత్ సింధుశాఖలో కలిసేదాకా నర్మద పొడవు 1,312 కిలోమీటర్లు. ఒక గట్టు వెంట దిగి, రెండవ గట్టు వెంట ఎగువకు రావాలి కనుక నడక ఇంచుమించు రెండింతలు. నది ఎల్లప్పుడు కుడిచేతి వైపే ఉండాలి. ప్రదక్షిణమన్న మాటలో ఉన్న అర్థమే అది. నడుమ ఎక్కడా నదిని దాటరాదు. సముద్రసంగమం వద్ద మాత్రం పడవలో ఆవలి ఒడ్డు చేరుతారు. చాతుర్మాస్యం వస్తే ఒకచోట నిలిచిపోవాలి. సంప్రదాయం చెప్పే గడువు 3 సంవత్సరాల 3 నెలల 13 రోజులు. తిండి దారిలోని గ్రామస్థులు పెట్టినది. పడక గుడి అరుగు మీదనో, ధర్మశాలలోనో. 2024 పుష్కరాలకు ఓంకారేశ్వరం వెళ్ళి, ఒక మునక వేసి, మర్నాటి రైలుకు తిరిగివచ్చిన మన యాత్రికులకు ఈ లెక్క కొంచెం భయం పుట్టించక మానదు.

ఉద్యోగమూ సంసారమూ ఉన్నవాడు మూడేళ్ళు ఎక్కడినుండి తెస్తాడు? వేగడ్ ఎంచుకొన్న ఉపాయం సులువైనది. దారిని ముక్కలు చేశారు. వీలు చిక్కినప్పుడు కొంతదూరం నడిచి ఇంటికి వచ్చేవారు. మరుసారి ఆగినచోటి నుండే అందుకొనేవారు. ఒక్క పరిక్రమకు ఈ విధంగా ఏళ్ళ తరబడి కాలం పట్టింది. దీనిని ఖండ పరిక్రమ అంటారు. నిష్ఠాపరులకు ఇది ఒక మెట్టు తక్కువగా తోచవచ్చు గాని, గృహస్థునకు తగిన పద్ధతి ఇదే.

అయినా, ముక్కలుగా చేసుకొన్నంత మాత్రాన, ఒకరు గడప దాటితే మరొకరు గడప కాయవలసినదే. ఎంతోమంది యాత్రాగ్రంథాలలో ఆ రెండవ మనిషి ప్రసక్తి అంకితపు పుటతో సరి. ఆ రెండవ మనిషి కూడా సంచి సర్దుకొన్ననాడు విషయం మారిపోతుంది. అప్పుడు కాళ్ళ సత్తువ కంటె ముందు తేలవలసిన సంగతులు చాలా ఉన్నాయి. ఎవరి అడుగును బట్టి నడవాలి? ఒకరికి జ్వరం తగిలితే ఆ ఏటికి యాత్ర చాలించాలా? దారిదోపిడీలకు పేరుపడిన శూలపాణి అడవిలో అడుగుపెట్టాలా? స్నేహితులైతే మధ్యదారిలో విడిపోవచ్చు. దంపతులకు ఆ వెసులుబాటు లేదు. ఇంటివద్ద అలిగితే వేరొక గదిలోకి పోవచ్చు; నదిగట్టున అలిగినవారు కూడా ఒకరి వెనుక ఒకరు అదే కాలిబాటను పోవాలి, సాయంకాలానికి అదే పొయ్యి ముందు కూర్చోవాలి.

పిల్లలు స్థిరపడిన తరువాత, పదవీ విరమణ జరిగిన తరువాత అని దంపతులు ఇటువంటి పనులను వాయిదా వేస్తారు. చాలా ఇళ్ళలో అంతకంటె మార్గమూ ఉండదు. కాని దారి మాత్రం వేచి ఉండదు. 1977లో వేగడ్ నడిచిన జబల్పూరు, మండ్లాల నడుమ నర్మద మీద 1990 నాటికి బర్గీ ఆనకట్ట పూర్తయింది. దాని జలాశయం కింద 162 గ్రామాలు ముంపుకు లోనయ్యాయి. భార్యతో బయలుదేరిన నాటికి, తాను ఎరిగిన ఆ గట్టును ఆమెకు చూపదలచినా చూపగలిగే వీలు లేదు. 2004లో ఇందిరాసాగర్ కోసం హర్‌సూద్ పట్టణం ఖాళీ అయింది. 2017లో సర్దార్ సరోవర్ పూర్తి ఎత్తున ప్రారంభమైంది. ఆ మరుసటి ఏడాది, 2018లో, వేగడ్ కన్నుమూశారు. పాత కాలిబాట చాలాచోట్ల ఇప్పుడు ఆయన పుస్తకాలలోనే ఉంది.

ఇప్పటికీ ఏటా కార్తీకంలో, చాతుర్మాస్యం ముగియగానే, ఓంకారేశ్వరంలో ఎందరో దంపతులు సంకల్పం చెప్పుకొంటారు. కొందరు మోటారుబండిలో రెండు మూడు వారాలలో ముగిస్తారు. వారిని తప్పుపట్టవలసిన పని లేదు, మోకాళ్ళు అందరికీ ఒకటి కావు. నడవదలచినవారు బయలుదేరే ముందు చిన్న సీసాలో నర్మదాజలం పట్టుకొంటారు. దానికి దారి పొడవునా నిత్యపూజ జరగాలి. చివరకు ఆ నీటిని ఓంకారేశ్వరునికి సమర్పించాలి. సీసా ఎవరి సంచిలో ఉండాలన్నది మాత్రం భార్యాభర్తలే తేల్చుకోవాలి.